ప్రిన్స్ లేకపోతే అది ప్రిన్స్ ఆఫ్ పర్షియా అవుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ఆట చుట్టూ తిరిగాయి. అందుకే మొబైల్ గేమ్‌ల ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేసి, శీర్షిక మొత్తం 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' వీడియో గేమ్‌ల వరసకే ఇచ్చేస్తున్నాను. నేను విశాఖ ద్వారకానగర్‌లో యానిమేషన్ పాఠాలు చెప్పేదాన్నని పాత పాఠకులకు తెలుసు. ఈ ఆట నా పాఠాల్లో ప్రతి ఏడాదీ ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, మా పెదనాన్నగారి అబ్బాయి స్టీల్‌ప్లాంట్‌లో చేస్తాడు. చిన్నప్పుడు గాజువాక నెట్ సెంటర్‌లో గంటల లెక్కన డబ్బులు కట్టి ఈ వరసలోని 'శాండ్స్ ఆఫ్ టైమ్' ఆడి పెరిగాడు. నేను ఆ తర్వాతెప్పుడో వచ్చిన 'ది లాస్ట్ క్రౌన్' కొనుక్కుని ఆడుతుంటే వెనకాల నిలబడి, "ఏటిరా ఇది? ప్రిన్స్ ఏడీ? పక్కనించి కనబడే బొమ్మలేటి, మళ్లీ ఎనక్కి ఎల్లిపోనామా?" అంటాడు. ఆ పేరు పెట్టుకునే హక్కే దీనికి లేదట. భోజనాల దగ్గర కూడా ఇదే గొడవ. తీర్పు మీరే చెప్పాలి.
(డిగ్రీ విద్యార్థి, గాజువాక)

జవాబు: తీర్పు ముందే చెప్పేస్తాను. 'ది లాస్ట్ క్రౌన్' ఆ పేరుకు తగిన ఆటే. అయితే మీ అన్నయ్యది మొండితనమని కొట్టిపారేయకండి. ఆయన అడిగినవి రెండూ మంచి ప్రశ్నలు.

మొదటిది, ప్రిన్స్ ఏడీ అని. 1989లో జోర్డన్ మెక్నర్ ఆపిల్ 2 కంప్యూటర్ కోసం చేసిన మొట్టమొదటి ఆటలో హీరోకి పేరు లేదు, రాజవంశమూ లేదు. ఎక్కడి నుంచో వచ్చిన పరదేశి కుర్రాడు. సుల్తాన్ యుద్ధానికి వెళ్లిన సమయంలో వజీరు జాఫర్ గద్దె మీద కన్నేసి, రాకుమారికి గంట గడువు పెట్టాడు: నన్ను పెళ్లాడు, లేదా చచ్చిపో. ఆమె మనసు గెలుచుకున్న ఆ కుర్రాడిని చెరసాలలో పడేశాడు. అతనే మన హీరో. 2003 నాటి 'శాండ్స్ ఆఫ్ టైమ్' హీరో అయితే రాజకుమారుడిగానే పుట్టినవాడు. 2024 జనవరిలో వచ్చిన 'ది లాస్ట్ క్రౌన్'లో సార్గోన్ ఒక యోధుడు. ఎత్తుకుపోయిన రాకుమారుడు ఘస్సాన్‌ను వెతుక్కుంటూ కాఫ్ పర్వతానికి వెళతాడు. అంటే రాజభవనానికి బయటివాడైన హీరో, బందీగా ఉన్న రాజవంశీకురాలు లేదా రాజవంశీకుడు. 1989 కథలోని అమరికే ఇది.

రెండోది, పక్కనించి కనబడే బొమ్మలు. మొదటి ఆట మొత్తం పక్కనించే కనబడేది. గోడలు, మెట్లు, కింద ముళ్లు, పైనుంచి ఊడిపడే పలకలు, అన్నీ అడ్డకోతలో. మీ అన్నయ్య ప్రేమించిన మూడు కొలతల ప్రపంచమే ఆ కుటుంబంలోకి ఆలస్యంగా వచ్చింది. 1999లో మొదటిసారి అలా ప్రయత్నిస్తే చాలామందికి నచ్చలేదు. 2003లో యూబీసాఫ్ట్ కంపెనీ మాంట్రియల్ స్టూడియో మెక్నర్‌ను కూడా తోడు తీసుకుని చేశాక గానీ కుదరలేదు. కాబట్టి వెనక్కి వెళ్లడం అనేది ఇక్కడ నేరమేమీ కాదు.

ఇవన్నీ పైపై పోలికలు. నిజంగా వారసత్వాన్ని ఎక్కడ చూడాలంటే, ఆట మీ చేతులతో ఏం చేయిస్తోంది, కాలాన్ని ఎలా వాడుతోంది అన్న చోట చూడాలి. ఈ మాట కొంచెం వివరంగా చెప్పాలి, ఓపిక పట్టండి.

మొదటి ఆటలో కాలం శత్రువు. మీ చేతిలో అరవై నిమిషాలు, అంతే. చచ్చిపోతే లెవెల్ మొదటికి పోతారు గానీ గడియారం ఆగదు. తొందరపడితే ముళ్లలో పడతారు, నెమ్మదిస్తే రాకుమారి పోతుంది. ఈ రెండింటి మధ్య నలిగిపోవడమే ఆట. 2003లో అదే కాలం ఆయుధమైంది. కత్తిలోని ఇసుకతో కొన్ని క్షణాలు వెనక్కి తిప్పి, తప్పిన దూకును మళ్లీ దూకవచ్చు. కానీ ఇసుక అయిపోతుంది, కాబట్టి పొదుపుగా వాడాలి. 2004లో 'వారియర్ విదిన్' వచ్చేసరికి కాలం వేటగాడైంది. ప్రిన్స్ ఆ మాయా ఇసుకను బయటికి వదిలిన పాపానికి, కాలక్రమాన్ని కాపాడే దహాకా అనే రాక్షసి వెంటపడుతుంది. ఆ కారిడార్లలో వెనక్కి చూడకుండా పరుగెత్తినవాళ్లకు ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంటుంది. 'ది లాస్ట్ క్రౌన్'లో కాఫ్ పర్వతం మీద కాలమే విరిగిపోయింది. ఒకరికి కొద్ది రోజులు గడిస్తే, పక్కవారికి ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. సార్గోన్ తన నీడను ఒకచోట వదిలి, గాలిలో ఉండగానే తిరిగి ఆ నీడ ఉన్న చోటికి చేరగలడు. ఆ శక్తితో దాటాల్సిన గోతులు వస్తాయి చూడండి, అక్కడ వేలు అరక్షణం ఆలస్యమైతే ముళ్ల మీదే. ఇదే అసలు పరంపర. ప్రతి ఆటా కాలానికి కొత్త పని ఇచ్చింది, కాలాన్ని మాత్రం వదల్లేదు.

వదిలిన ఆట ఒకటుంది. 2008లో వచ్చినదాంట్లో ప్రిన్స్ పడిపోయిన ప్రతిసారీ తోడుగా ఉండే ఎలీకా చేయి పట్టుకుని పైకి లాగుతుంది. ఎన్నిసార్లయినా సరే. రంగులు అద్భుతం, ఎలీకా పాత్రను నేను ఎంతో ఇష్టపడతాను, ముగింపు కూడా ధైర్యమైనదే. అయినా ఆ ఆటలో దూకేటప్పుడు నా గుండె ఆగలేదు. వేరే ఆటల్లోనూ చచ్చాక మళ్లీ మొదలుపెట్టే చెక్ పాయింట్ ఉంటుంది కదా, తేడా ఏముందని ఆ ఆట అభిమానులు వాదిస్తారు. లెక్క ప్రకారం తేడా తక్కువే. కానీ పడిపోయాక మళ్లీ మొదలుపెట్టడం వేరు, పడనివ్వరని ముందే తెలిసి దూకడం వేరు. మీ అన్నయ్య కోపం ఆ ఆట మీద చూపించి ఉంటే నేను ఆయన పక్కనే నిలబడేదాన్ని.

ఆయన బాధకు ఇంకో కారణం కూడా ఉండొచ్చు. 2023 జూన్‌లో వచ్చిన మొదటి ట్రైలర్‌కి ర్యాప్ పాట పెట్టారు. చాలామంది అభిమానులకు అది అస్సలు నచ్చలేదు, నాకూ ఆ పాట అక్కడ అతకలేదు. ఆ ట్రైలర్ చూసి మనసు విరిగినవాళ్లు ఆటను ఆడకుండానే తీర్పు ఇచ్చేశారు. అదే ఆటలో పాత్రల చేత పర్షియన్ భాషలో మాట్లాడించే ఏర్పాటు ఉందని వాళ్లలో చాలామందికి తెలియదు. పర్షియా పేరు పెట్టుకున్న ఆట ఆ దేశపు భాషలో వినబడుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. సెట్టింగ్స్‌లో మార్చి వినండి.

వాదన ఆపేసి కంట్రోలర్ మీ అన్నయ్య చేతికివ్వండి. ప్రిన్స్ ఆటలు వెనకాల నిలబడి చూస్తే తెలియవు.

ప్రశ్న: 1990ల మొదట్లో మా ఆఫీసు కంప్యూటర్‌లో డాస్ మీద ఈ ఆట ఆడినవాడిని. భోజన విరామంలో నలుగురం ఒకే కీబోర్డు చుట్టూ చేరేవాళ్లం. నా దృష్టిలో ఆ తర్వాత వచ్చినవేవీ ప్రిన్స్ కావు. అందులో నీడ మనిషి ఒకడు ఉండేవాడు, వాడి అంత గొప్ప పాత్ర మళ్లీ రాలేదు. మా మనవడు ఒప్పుకోడు.
(రిటైర్డ్ ఉద్యోగి, ఉక్కునగరం)

జవాబు: మీ ఉత్తరం చదివి ఎంత సంతోషం వేసిందో చెప్పలేనండి. నీడ మనిషిని గుర్తుపెట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారన్నమాట.

మీ మనవడి కోసం కథ చెబుతాను. మెక్నర్ తన తమ్ముడు డేవిడ్ చేత పరుగెత్తించి, దూకించి, గోడ పట్టుకుని ఎక్కించి, 1985లో వీడియో తీశాడు. ఆ వీడియోను ఒక్కో ఫ్రేమ్ చొప్పున కంప్యూటర్‌లో గీశాడు. కత్తి యుద్ధానికి 1938 నాటి రాబిన్ హుడ్ సినిమాలోని పోరాటాన్ని ఆధారం చేసుకున్నాడు. సంగీతం వాళ్ల నాన్నగారిది. ఆ కదలికలన్నీ పెట్టేసరికి ఆపిల్ 2లో మెమరీ నిండిపోయింది. ఇంకో శత్రువు బొమ్మకు చోటు లేదు. అప్పుడు హీరో బొమ్మనే కొంచెం జరిపి, దాని మీదే మళ్లీ వేసి, మసకగా మెరిసే ఆకారాన్ని పుట్టించాడు. ఖర్చు లేకుండా వచ్చిన పాత్ర మీ నీడ మనిషి.

నాలుగో లెవెల్‌లో అద్దంలోంచి దూకితే వాడు అవతలికి పారిపోతాడు. ఆ తర్వాత మీ మందు సీసా తాగేస్తాడు, తలుపు మూసేసి మిమ్మల్ని కిందకు పడేలా చేస్తాడు. చివర్లో ఎదురుపడితే కత్తి దూస్తారు. వాడిని పొడిస్తే మీ ప్రాణమే తగ్గుతుంది. కత్తి ఒరలో పెట్టి నేరుగా వాడి దగ్గరికి నడిస్తే ఇద్దరూ ఒకటవుతారు. ఆట ఎక్కడా ఈ సంగతి చెప్పదు. మీ నలుగురిలో ముందు ఎవరికి తట్టిందో రాసి ఉంటే బాగుండేది.

ఇక్కడే మీతో వినయంగా విభేదిస్తాను. మీ నీడ చచ్చిపోలేదండి. 2005లో వచ్చిన 'ది టూ థ్రోన్స్'లో ప్రిన్స్ లోపలే ఒక చీకటి ప్రిన్స్ ఉంటాడు, ఎప్పుడూ చెవిలో మాట్లాడుతూ ఉంటాడు. అతన్ని కత్తితో జయించాలని చూసినంతసేపూ పని జరగదు, వదిలేసి నడిచి వెళ్లిపోవాలి. పదహారేళ్ల ముందు నాటి అద్దం లెవెల్ తెలిసినవాడు రాసిన ముగింపే అది అని నాకనిపిస్తుంది. 'ది లాస్ట్ క్రౌన్'లోని నీడ శక్తి గురించి పైన రాశాను. మీరు ఆ రోజుల్లో షిఫ్ట్ నొక్కి, అడుగు అడుగుగా ముళ్ల మధ్యలోంచి నడిచేవారు కదా. ఆ జాగ్రత్త మీ చేతుల్లో ఇంకా ఉంటుంది. మనవడి పక్కన కూర్చుని ఒక్కసారి ప్రయత్నించండి.

ప్రశ్న: 'వారియర్ విదిన్' నా ప్రాణం. కానీ సృష్టికర్త మెక్నర్‌కే అది నచ్చలేదట. కన్నవాడే కాదన్నాక ఇక దాన్ని వారసత్వం అనొచ్చా?
(ఇంజనీరింగ్ విద్యార్థి, మధురవాడ)

జవాబు: ఆ ఆటలో ఆయన పాలుపంచుకోలేదు. దాని కళాధోరణి, హింస తనకు నచ్చలేదని బాహాటంగానే చెప్పారు. ఆయన మాటకు విలువ ఉంది, ఎందుకంటే 'శాండ్స్ ఆఫ్ టైమ్' కథ రాసింది ఆయనే. అయితే ఆటను నిర్మించిన మాంట్రియల్ స్టూడియో మాత్రం అదే. గోడల మీది పరుగు, స్తంభాల మీది దూకు అలాగే ఉన్నాయి. కత్తి యుద్ధమైతే ముందుదాని కంటే చాలా మెరుగు. మీ ఇష్టాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

పోయిందేమిటంటే గొంతు. 'శాండ్స్ ఆఫ్ టైమ్' మొత్తం ప్రిన్స్ రాకుమారి ఫారాకు చెబుతున్న కథ. మీరు ఆటలో చచ్చిపోతే, "అలా జరగలేదు, ఆగు, మళ్లీ చెబుతాను" అన్నట్టు తనను తాను సరిచేసుకుంటాడు. ఆట ఓడిపోవడాన్ని కూడా కథలో కలిపేసిన ఆ తెలివికి నేను ఇప్పటికీ దండం పెడతాను. గర్వంగా, కాస్త చిన్నపిల్లాడిలా ఉండే ఆ ప్రిన్స్, ఫారాతో పోట్లాడుతూ ప్రేమలో పడే ప్రిన్స్, ఏడాది తిరిగేసరికి పళ్లు కొరుకుతూ తిట్లు తిట్టే మనిషయ్యాడు. వెనకాల హెవీ మెటల్ పాటలు. దహాకా ఏళ్ల తరబడి తరిమితే మనిషి అలా మారతాడని మీరు వాదించవచ్చు, నేను కాదనను. కానీ ఆడవాళ్ల పాత్రల దుస్తులు, కెమెరా వాళ్ల మీద నిలిచే తీరు, వాటికి దహాకా ఏ సమాధానమూ చెప్పదు. ఆ ఆటను క్లాసులో చూపించేటప్పుడు నా విద్యార్థినుల ముఖాలు చూస్తే నాకు బాధేస్తుంది.

మరో సంగతి గమనించారా? ఆ ఆటకు రెండు ముగింపులు ఉన్నాయి. ప్రాణాన్ని పెంచే రహస్య చోట్లన్నీ వెతికి నీటి ఖడ్గం సాధిస్తేనే రెండోది కనబడుతుంది. 'ది టూ థ్రోన్స్' ఆ రెండోదాని నుంచే మొదలవుతుంది. ఫారా కూడా తిరిగి వస్తుంది, చివరి మాటలు 'శాండ్స్ ఆఫ్ టైమ్' మొదటి మాటలతో కలుస్తాయి. మీ ప్రాణమైన ఆట ఆ మూడింటి మధ్యలో ఉంది కాబట్టే నిలబడింది. ఒంటరిగా వచ్చి ఉంటే నా లెక్కలో బయటిదే అయ్యేది.

ప్రశ్న: మా బాబుకి పన్నెండేళ్లు. అన్నయ్యలు ఆడుతున్నారని తనకీ ఈ ఆటే కావాలంటున్నాడు. ఏది కొనాలి?
(గృహిణి, ఎంవీపీ కాలనీ)

జవాబు: 'వారియర్ విదిన్', 'ది టూ థ్రోన్స్' వద్దండి. అమెరికాలో వాటికి పదిహేడేళ్లు నిండినవాళ్లకన్న ముద్ర వేశారు. 'శాండ్స్ ఆఫ్ టైమ్' మీరు పక్కన ఉండి ఆడించవచ్చు. 'ది లాస్ట్ క్రౌన్' కొంచెం పెద్దయ్యాక ఇవ్వండి. కష్టమైన దూకుళ్లను దాటేసే సహాయం, తెలియని దారిని ఫొటో తీసి మ్యాప్‌కి గుచ్చుకునే సదుపాయం అందులో ఉన్నాయి. అన్నయ్యలు అలాంటి సహాయం తీసుకుంటే ఆడినట్టు కాదని ఏడిపిస్తారేమో, పట్టించుకోవద్దని చెప్పండి.

ప్రశ్న: మేడమ్, 'శాండ్స్ ఆఫ్ టైమ్' రీమేక్‌ని మన పుణె, ముంబై స్టూడియోలకు ఇస్తే ట్రైలర్ చూసి ప్రపంచమంతా తిట్టింది. చివరికి వెనక్కి తీసేసుకున్నారు. మనవాళ్లకు ఈ పని చేతకాదని ఒప్పుకోవాలా? నేను యానిమేషన్‌లోకి వద్దామనుకుంటున్నాను, భయమేస్తోంది.
(ఇంటర్ విద్యార్థిని, మద్దిలపాలెం)

జవాబు: ఒప్పుకోనక్కర్లేదమ్మా. 2020 సెప్టెంబరులో ఆ రీమేక్ ప్రకటించారు. ముఖాలు, వెలుగు బాగా లేవని విమర్శలొచ్చాయి, విడుదల వాయిదా పడింది, 2022లో పనిని మాంట్రియల్‌కు మార్చారు. ఆ ట్రైలర్‌లో ముఖాలు నిజంగానే బాగా లేవు, దాన్ని సమర్థించను. ముఖం మీద వెలుగు పడే తీరు నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లూ జట్టుకు ఇవ్వాలి.

పైగా రీమేక్ సీక్వెల్ కంటే కష్టం. సీక్వెల్‌ని పాత ఆటతో పోలుస్తారు. రీమేక్‌ని అభిమాని జ్ఞాపకంతో పోలుస్తారు. 2003 నాటి ఆటను ఇప్పుడు పెట్టి చూడు, గోడలు గరుకుగా, ముఖాలు చెక్కబొమ్మల్లా ఉంటాయి. మన జ్ఞాపకంలో మాత్రం ఆ ఆటలోని అజాద్ కోట వెన్నెల్లో మెరుస్తూ ఉంటుంది. ఆ వెన్నెలతో పోటీపడి గెలవాలి. ఇంకో బాధ నాకు: ఆ కథ మొదలయ్యేది మన దేశంలో, ఒక మహారాజు కోటలో. ఫారా ఆ మహారాజు కూతురు. ఆ కోటను మన పిల్లలు గీస్తారని నేనెంత ఆశపడ్డానో.

స్టూడియో ఏ దేశంలో ఉన్నా కష్టాలు ఉంటాయి. అంత మెప్పు పొందిన 'ది లాస్ట్ క్రౌన్'ని చేసింది ఫ్రాన్స్‌లోని మాంట్‌పెలియర్ జట్టు. ఆట, దాని అదనపు కథ విడుదలయ్యాక 2024లోనే ఆ జట్టును విడదీసి వేరే ఆటల మీదికి పంపేశారు. పూర్వీకులను గౌరవించమని అభిమానులం ఇంత గట్టిగా అడుగుతాం కదా, గౌరవించినవాళ్లు మళ్లీ అదే పని చేసే వీలు లేకపోయిందని మనలో ఎంతమంది మాట్లాడాం?

నువ్వు భయపడకుండా రా. మా క్లాసులో మొదటి వారం కంప్యూటర్ ముట్టుకోనివ్వను. పిల్లలను రామకృష్ణా బీచ్‌కు తీసుకెళ్లి, ఒకరు పరుగెత్తుతుంటే ఇంకొకరిని ఫోన్‌తో వీడియో తీయమంటాను. తడి ఇసుకలో పరుగు, పొడి ఇసుకలో పరుగు, బీచ్ రోడ్డు మీద పరుగు. పొడి ఇసుకలో మడమ లోపలికి దిగిపోతుంది, అడుగు ఆలస్యంగా లేస్తుంది, ఒళ్లు ముందుకు వంగుతుంది. అది ఫ్రేమ్ ఫ్రేమ్‌గా గీశాక, డేవిడ్ పరుగులో అంత బరువు ఎందుకుందో వాళ్లకే తెలుస్తుంది. సార్గోన్ దూకి ఆగినప్పుడు అరికాలు ఎలా జారుతుందో కూడా అప్పుడే కనబడుతుంది.

ప్రశ్న: కంపెనీలతో పని లేకుండా అభిమానులే సొంతంగా కొత్త లెవెల్స్ చేసుకోవచ్చా?
(పాలిటెక్నిక్ విద్యార్థి, కంచరపాలెం)

జవాబు: మొదటి ఆటకైతే నిక్షేపంగా. పోయిందనుకున్న ఆపిల్ 2 సోర్స్ కోడ్ (ఆటను రాసిన అసలు ప్రోగ్రామ్) ఉన్న ఫ్లాపీలు 2012లో మెక్నర్ వాళ్ల నాన్నగారికి ఇంట్లో ఒక పెట్టెలో దొరికాయి. జాగ్రత్తగా చదివించి, అందరూ చూసేలా ఆయన ఇంటర్నెట్‌లో పెట్టేశారు. డాస్ రూపానికి అభిమానులు తిరగరాసిన ప్రోగ్రామూ, లెవెల్స్ గీసుకునే సాధనాలూ కూడా ఉన్నాయి. మూడో లెవెల్‌తో మొదలుపెట్టండి. అందులో అస్థిపంజరం కత్తికి చావదు, వెనక్కి నెడుతూ నెడుతూ గోతిలో పడేయాలి. ఆ గొయ్యి ఎక్కడ పెట్టారో, హీరో నిలబడే చోటు ఎంత ఇరుకుగా ఉంచారో కొలిచి చూడండి. మీరు గీసిన లెవెల్‌ని ద్వారకానగర్ క్లాసుకు తీసుకురండి, ఏ శనివారమైనా సరే. మా పిల్లలతో ఆడిస్తాను.